క్రమాభివృద్ధిని దెలుపు ఆంగ్ల పదబంధములు: ప్రయోగ వివేచనము

తెలుగు భాషా సాహిత్యములపై పరిశోధన చేయు విద్యార్థి తన సిద్ధాంత గ్రంథమును తెలుగుననే వ్రాసినను, దాని సంగ్రహమునో, పరిశోధన ప్రతిపాదననో, సదస్సునకు పంపు పత్రసారమునో ఆంగ్లమున వ్రాయవలసిన అవసరము తరచుగా కలుగుచున్నది. ఇట్టి వ్రాతలలో తప్పనిసరిగా వచ్చు విషయ మొకటి కలదు. పని ఎట్లు మొదలైనది, ఎన్నాళ్లు సాగినది, ఎట్లు పెరిగినది, ఎంతవరకు వచ్చినది అను వృత్తాంతమే అది. ఈ వృత్తాంతమును చెప్పుటకు ఆంగ్లమున పదబంధములు కొల్లలు. అవి అన్నియు ఒకే అర్థమున చెల్లునని తలచి, చేతికందిన దానిని వాడుట మనలో పెక్కుమందికి అలవాటు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పరిశోధక విద్యార్థిని చేనేత పదజాలమును సేకరించినది. మూడు సంవత్సరములు మగ్గముల కడ కూర్చుండి, పడుగు, పేక, నాడె, అచ్చు మొదలగు వానికి ఊరూర వినవచ్చు మాటలను వృద్ధులైన నేతగాండ్ర నోట విని వ్రాసికొన్నది. ఆంగ్ల సంగ్రహమున మాత్రము ఆ పనినంతయు ఒక్క వాక్యమున ముగించినది: 'ది కలెక్షన్ ఎవాల్వ్‌డ్ ఓవర్ టైమ్'. మౌఖిక పరీక్షలో పరీక్షకులు, "సేకరణము తనంత తానే పరిణమించినదా? మీరేమి చేసితిరి?" అని అడిగిరి. ఆమె వెంటనే సమాధానము చెప్పలేకపోయినది. వ్యాకరణ దృష్టితో ఆ వాక్యమున దోషము లేదు. అర్థదృష్టితో చూచినచో మూడేండ్ల శ్రమకు అందు చోటు లేదు. ఆ వాక్యమును ముందుగా చదివి సరియే అన్నవారిలో మేమును ఉంటిమి. ఈ వ్యాసమునకు అదియే ప్రేరణము.

క్రమాభివృద్ధిని దెలుపు ప్రతి ఆంగ్ల పదబంధమును మూడు ప్రశ్నలకు మౌనముగా సమాధానము చెప్పుచున్నదని మా అభిప్రాయము. పని చేసినవారు ఎవరు? తుది రూపము ముందే నిర్ణయమై ఉన్నదా? నడక ఎట్టిది? వ్రాయువాడు ఈ ప్రశ్నలను వేసికొనక పదబంధమును వాడినచో, అతడు తలపని సమాధానములను ఆ పదబంధమే చెప్పివేయును.

1. మాటల మూలములు

ముందుగా మాటల పుట్టుకను కొంత పరిశీలింతము. 'గ్రాడ్యువల్' అను మాటకు మూలము లాటిను భాషలోని 'గ్రాడుస్'. దానికి అడుగు, మెట్టు అని అర్థము. 'ప్రోగ్రెస్' అనగా ముందుకు అడుగు వేయుట. 'బై డిగ్రీస్' అను పదబంధములోని 'డిగ్రీ' సహితము ఆ 'గ్రాడుస్' సంతతిలోనిదే. మన 'క్రమము' సంస్కృతమున 'క్రమ్' ధాతువునుండి పుట్టినది. ఆ ధాతువునకును అడుగువేయుట అనియే అర్థము. కనుక 'గ్రాడ్యువల్లీ' అనుటకు 'క్రమక్రమముగా' అనుట కేవలము నిఘంటువు కూర్చిన జోడి కాదు. రెండు భాషాసంప్రదాయములును నడకనుండియే ఈ భావమును గ్రహించినవి.

'డెవలప్' కథ వేరు. ఇది ఫ్రెంచి భాషనుండి వచ్చిన మాట. చుట్టిన దానిని విప్పుట దాని మూలార్థము. 'ఎవాల్వ్' లాటినులో చుట్టను విప్పుట, దొర్లించి తెరచుట అను అర్థమునుండి వచ్చినది. విప్పబడు వస్తువు ముందే లోపల ఉండవలెను గదా! ఛాయాచిత్ర గ్రాహకుడు ఫిల్మును 'డెవలప్' చేయుననుటలో ఈ మూలార్థపు జాడ నేటికిని కనిపించును. బొమ్మ ముందే దిగియున్నది. రసాయన ద్రవము దానిని వెలికి తెచ్చినది. 1859లో వెలువడిన డార్విను మహాశయుని జాతుల ఉత్పత్తి గ్రంథపు తొలి ముద్రణములో 'ఎవల్యూషన్' అను నామపదము లేదు. గ్రంథాంతమున చిట్టచివరి మాటగా 'ఎవాల్వ్‌డ్' అను క్రియారూపము మాత్రము కలదు. ఆ తరువాతి కాలమున ఈ మాటకు, కర్త యొకడు నడుపకయే తరతరములుగా జరుగు మార్పు అను అర్థము లోకమున స్థిరపడినది. ఈనాడు దానిని వినువాని మనస్సున తోచునది ఆ అర్థమే.

'ప్రాజెక్ట్' అనగా ముందుకు విసరినది అని మూలార్థము. ఇంకను కార్యరూపము దాల్చని తలపును కాలమున ముందుకు వేయుట అన్నమాట. తెలుగువారికి ఈ మాట మరియొక దారిని వచ్చినది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు విడిచిన నాగార్జునసాగరము వంటి నిర్మాణములవలన 'ప్రాజెక్టు' అనగా ఆనకట్ట, జలాశయము అని పల్లెల వరకు వ్యాపించినది. నేడు విద్యార్థి చేయు పనికిని ఇదే మాట చెల్లుచున్నది. ఆనకట్టకు కట్టకముందే పటము, అంచనా, గడువు ఉండును. పరిశోధనకు అవి అట్లే ఉండవు. కావున 'ప్రాజెక్ట్' వెంట వచ్చు క్రియాపదమును ఎన్నుకొనుటలో మెలకువ అవసరము.

2. ఒక నిఘంటువు చరిత్ర

ఉదాహరణముగా ఆంగ్లభాషకు సంబంధించిన ఒక మహాకార్యమునే తీసికొందము. 1857లో లండనులోని భాషాశాస్త్ర సంఘమువారు, అప్పటి నిఘంటువులలోని కొరతలను గుర్తించి కొత్త నిఘంటువునకై ప్రయత్నము ఆరంభించిరి. తొలి సంపాదకుడు హెర్బర్టు కోల్‌రిడ్జి 1861లోనే మరణించెను. తరువాత ఫర్నివాలు చేతిలో పని మందగించినది. 1879లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయముతో ఒప్పందము కుదిరి, జేమ్సు మర్రే సంపాదకుడయ్యెను. పదేండ్లలో నాలుగు సంపుటములు పూర్తియగునని అంచనా. అయిదేండ్లకు, అనగా 1884లో, వెలువడిన మొదటి భాగము తొలి యక్షరమును సైతము దాటలేదు. 'యాంట్' అను మాటకడ ఆగినది. వేలకొలది స్వచ్ఛంద పాఠకులు గ్రంథములు చదివి, ప్రయోగములను చీటీలపై వ్రాసి పంపుచుండిరి. మర్రే 1915లోను, సహ సంపాదకుడు బ్రాడ్లీ 1923లోను దివంగతులైరి. క్రేగీ, అనియన్సు అను ఇరువురి సంపాదకత్వమున 1928లో పని ముగిసినది. ఆరంభ ప్రయత్నమునుండి లెక్కింపగా 71 సంవత్సరములు. పదసంఖ్య నాలుగు లక్షలు మించినది.

ఈ చరిత్రను ఒక్క ఆంగ్ల వాక్యమున చెప్పవలసివచ్చిన ఏ పదబంధము తగును? 'ది డిక్షనరీ ఎవాల్వ్‌డ్' అన్నచో మర్రేయు లేడు, చీటీలు పంపినవారును లేరు. 'ఇట్ వాజ్ కంప్లీటెడ్ ఇన్ ఫేజెస్' అన్నచో ముందే గీచిన గీతలనుబట్టి పని నడచినట్లగును. పదేండ్ల అంచనా ఎట్లు తారుమారైనదో మరుగుపడును. 'ఇట్ వాజ్ డన్ పీస్‌మీల్' అన్నచో పద్ధతి లేక ముక్కముక్కలుగా చేసిరను నింద వచ్చును. వారి పద్ధతి మొదటినుండియు కట్టుదిట్టమైనదే. 'ఇట్ వాజ్ బిల్ట్ అప్ ఓవర్ సెవెంటీ ఇయర్స్ అండ్ పబ్లిష్డ్ ఇన్ పార్ట్స్' అనునది సత్యమునకు దగ్గరగా ఉన్నది. కట్టినవారు ఉన్నారను సూచన ఇందు కలదు. కాలము సంఖ్యతో ఉన్నది. భాగములుగా వెలువడినదను విషయమును స్పష్టము.

3. పెరుగుటయా, పెంచుటయా?

మొదటి ప్రశ్న కర్తనుగూర్చినది. ఆంగ్లమున 'డెవలప్', 'గ్రో' వంటి క్రియలు అకర్మకముగాను, సకర్మకముగాను ఒకే రూపమున చెల్లును. 'ది ప్లాన్ డెవలప్డ్' అనవచ్చును. 'ఉయ్ డెవలప్డ్ ది ప్లాన్' అనియు అనవచ్చును. తెలుగున ఈ సౌలభ్యము లేదు. పెరుగుట వేరు, పెంచుట వేరు. మారుట వేరు, మార్చుట వేరు. తయారగుట వేరు, తయారుచేయుట వేరు. తెలుగున వాక్యము చెప్పువాడు క్రియను పలుకుటకు ముందే, పని తానుగా జరిగినదా, ఒకరు చేసిరా అని తేల్చుకొనక తప్పదు.

ఇది మనకు లోటు కాదు, మేలు. ఆంగ్ల వాక్యమును వ్రాయుటకు ముందు అదే భావమును తెలుగున అనుకొని చూచినచో కర్తృత్వము బయటపడును. 'సేకరణము పెరిగినది' అందుమా, 'సేకరణమును పెంచితిమి' అందుమా? రెండవది నిజమైనచో ఆంగ్లమున కర్తృపదముతో కూడిన సకర్మక వాక్యమే వ్రాయవలెను. మొదటిది నిజమగు సందర్భములును లేకపోలేదు. ఒక మాటకు కాలక్రమమున అర్థము మారుట, ఒక జానపద కథకు ప్రాంతములవెంట పాఠభేదములు పుట్టుట ఎవరో ఒకరు పూని చేసిన పనులు కావు. అచట 'ఎవాల్వ్‌డ్' అనుట యుక్తము. భాషకు తగిన క్రియను భాషాపరిశోధనకు అంటగట్టుటయే చిక్కు.

'టేక్ షేప్' అను పదబంధమును ఈ కోవలోనిదే. దానికి మన 'రూపుకట్టు' సరిపోవును. ఇందు వస్తువే కర్త. ఆలోచన రూపుకట్టినది అనవచ్చును. గ్రంథము రూపుకట్టినది అనినను వినుటకు బాగుండును. అయితే ఆ గ్రంథమునకు పదిమంది పనిచేసి యుండగా, పీఠికలో మరియెక్కడను వారి ప్రసక్తి లేక ఈ ఒక్క వాక్యమే ఉన్నచో అది అన్యాయము. వినయమునకై కర్తను దాచుట పండితులకు అలవాటే. తన పేరు దాచుకొనుట వినయము. సహాయకుల పేర్లు దాగిపోవుట వినయము కాదు.

4. నడక తీరు

ఆంగ్లమున 'స్టెప్ బై స్టెప్', 'బిట్ బై బిట్', 'లిటిల్ బై లిటిల్' అని ఒకే మాటను 'బై'తో కూర్చి రెండుమారులు వాడుదురు. తెలుగున ఆమ్రేడితమే ఆ పనిచేయును: కొంచెము కొంచెముగా, మెల్లమెల్లగా, అంచెలంచెలుగా. పోలిక ఉన్నదని ఇవి అన్నియు ఒకటి కావు. 'స్టెప్ బై స్టెప్' అన్నచో అడుగుల వరుస నిర్ణీతము. ఒకటి ముగిసినగాని రెండవది లేదు. ఒక తాళపత్ర గ్రంథమును పరిష్కరించు విధానమును, అనగా ప్రతుల సేకరణము, పాఠముల పోలిక, పాఠ నిర్ణయము అను వరుసను వివరించునపుడు ఇది తగును. 'లిటిల్ బై లిటిల్' అన్నచో వరుస లేదు. పరిమాణము కొద్దికొద్దిగా హెచ్చుట మాత్రమే కలదు. చీటీలు పోగుపడుటకు ఇది తగును.

'డే బై డే', 'డే ఆఫ్టర్ డే' అనువానిని మనవారు తరచు కలగాపులగము చేయుదురు. మొదటిదానిలో నానాటికి మార్పు కలదు. రెండవదానిలో ప్రతిదినము అదే పని మరల మరల జరుగుట కలదు. కొంత విసుగు కూడ ధ్వనించును. రోగి ఆరోగ్యము 'డే బై డే' మెరుగగును. గుమాస్తా అదే చిట్టాను 'డే ఆఫ్టర్ డే' వ్రాయును.

'ఇన్ ఎ ఫేజ్‌డ్ మేనర్' అనునది భారతదేశపు కార్యాలయములలో మిక్కిలి ప్రీతిపాత్రమైన పదబంధము. 'ఫేజ్' గ్రీకు భాషలో కనబడుటను దెలుపు మాటనుండి వచ్చినది. చంద్రుని కళలకు దానిని వాడుదురు. 1951లో ఆరంభమై 2017తో ముగిసిన పంచవర్ష ప్రణాళికల కాలమున 'దశలవారీగా' అను మాట తెలుగు పత్రికలలో బాగుగా వాడుకపడినది. ఈ పదబంధము తప్పు కాదు. 'ఇన్ ఫేజెస్' అనిన చాలుచోట అంత పొడుగు అవసరము లేదు. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. దశలని చెప్పినవాడు అవి ఎన్నియో, ఒక్కొక్కటి ఎచట ముగియునో చెప్పగలిగి ఉండవలెను. చెప్పలేనిచో అది దశలు కాదు, వాయిదా. 'ఇన్ డ్యూ కోర్స్' అనునదియు అట్టిదే. తగిన సమయమున అని దాని అర్థము. గడువు చెప్పుట ఇష్టములేనివానికి అది చక్కని చాటు అయినది.

5. కాలవాచకములు

'ఓవర్ టైమ్' అను రెండు మాటలను కలిపి వ్రాసినచో నియమిత వేళలకు మించి చేసిన పని, దానికి ఇచ్చు కూలి అను అర్థము వచ్చును. తెలుగుదేశపు కర్మాగారములలో అందరు ఎరిగినది ఈ అర్థమే. విడదీసి వ్రాసినచో కాలము గడచినకొలది అని అర్థము. ఒక ఖాళీ విడుచుట మరచినచో నిఘంటువు కాలక్రమమున పెరిగినదను వాక్యము, అదనపు వేళలలో పెరిగినదని మారును. ఈ పొరపాటు అచ్చుప్రతులలో మాకు పలుమారులు కనబడినది.

'ఓవర్ టైమ్' మార్పును దెలుపు క్రియలతోనే పొసగును. పెరుగుట, తగ్గుట, మెరుగగుట, పోగగుట అనువానితో అది చెల్లును. ఒక్క దినమున జరిగిన ఆవిష్కరణ సభకు అది చెల్లదు. 'ఆన్ టైమ్' అనగా నిర్ణీత వేళకు సరిగా. 'ఇన్ టైమ్' అనగా వేళ మించకముందే, లేదా కొంత కాలమునకు. 'ఇన్ ది లాంగ్ రన్' అనునది పని సాగిన కాలమును దెలుపదు, తుదకు తేలు ఫలితమును దెలుపును. 'ఐ కలెక్టెడ్ వర్డ్స్ ఇన్ ది లాంగ్ రన్' అనుట అందువలననే అపప్రయోగము.

అన్నిటికంటె మేలైన కాలవాచకము సంఖ్యయే. 'ఓవర్ టైమ్' అనుటకు మారుగా 'ఓవర్ త్రీ ఇయర్స్' అన్నచో చదువరికి కొలత దొరకును. సంఖ్య తెలిసియు చెప్పకుండుట పరిశోధన వ్రాతలో ఒప్పని పని.

6. ముగియని పని

'వర్క్ ఇన్ ప్రోగ్రెస్' అను పదబంధము అసంపూర్ణతను దాచక చెప్పును. పైన చెప్పిన ఆక్స్‌ఫర్డు నిఘంటువే దీనికి మంచి నిదర్శనము. 1928లో పూర్తియైనదనుకొన్న ఆ నిఘంటువునకు 1933లో అనుబంధము వచ్చినది. 1989లో 20 సంపుటముల ద్వితీయ ముద్రణము వచ్చినది. 2000 సంవత్సరమునుండి అంతర్జాలమున నిలిచి, అప్పటినుండి సంస్కరింపబడుచునే యున్నది. పూర్తి యను మాటకు నిఘంటువుల విషయమున అర్థము తక్కువ. అయినను విద్యార్థి తన సిద్ధాంత గ్రంథమును 'వర్క్ ఇన్ ప్రోగ్రెస్' అని చెప్పి లోపములకు క్షమాపణముగా దానిని వాడుట తగదు. ఏ భాగము ముగిసినదో, ఏది మిగిలినదో విడదీసి చెప్పినపుడే ఆ మాటకు విలువ.

'బిల్డ్ అప్', 'బిల్డ్ ఆన్' అనువాని భేదమును గుర్తింపవలెను. మొదటిది లేనిదానిని కొద్దికొద్దిగా కూడబెట్టుట. రెండవది ఇతరులు వేసిన పునాదిపై కట్టుట. వృత్తిపదములపై నేడు పనిచేయువారు రెండవ పదబంధమునే వాడుట న్యాయము. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశము వ్యవసాయ సంపుటము 1962లోను, చేనేత సంపుటము 1971లోను వెలువడినవి. ఒక్కొక్క వృత్తిని ఒక్కొక్క ఘట్టముగా చేసికొని నడచిన పని కావున, దీనిని గురించి 'ఇన్ స్టేజెస్' అనుట సర్వవిధముల సమంజసము.

7. మన నుడికారము చెప్పు పాఠము

మనకు 'రానురాను', 'అంచెలంచెలుగా' అను రెండు చక్కని పలుకుబడులు కలవు. 'రానురాను' కర్త పూనికను సహింపదు. రానురాను చూపు మందగించినది, రానురాను ఆ ఆచారము మాసిపోయినది అందుము. రానురాను నిఘంటువును వ్రాసితిమి అనము. 'అంచె' యన్నది టపా మోయువారు ఒకరికొకరు మూటను అందించుకొను మజిలీ. కనుక 'అంచెలంచెలుగా' అన్నచో మోసినవారు ఉన్నారు, అందుకొన్నవారు ఉన్నారు, చేరవలసిన ఊరును ఉన్నది. 1936లో తొలి సంపుటము వెలువడి, అటుపిమ్మట దశాబ్దములపాటు పలువురి చేతులమీదుగా నడచిన సూర్యరాయాంధ్ర నిఘంటువునకు ఇంతకంటె తగిన మాట లేదు. ఆంగ్లమున ఏ పదబంధమును ఎన్నుకొనుటకైనను ముందు, ఈ పని 'రానురాను' జరిగినదా, 'అంచెలంచెలుగా' జరిగినదా అని ప్రశ్నించుకొన్నచో సగము చిక్కు తీరును.

పైన చెప్పిన విద్యార్థిని పరీక్షానంతరము తన సంగ్రహమును సవరించి వ్రాసినది. ఈ మారు ఆమె వాక్యము ఇది: 'ఐ బిల్ట్ అప్ దిస్ కలెక్షన్ ఓవర్ త్రీ ఇయర్స్, విలేజ్ బై విలేజ్, ఫ్రమ్ ది స్పీచ్ ఆఫ్ ఎల్డర్లీ వీవర్స్'. ఇందు కఠినమైన మాట ఒక్కటియు లేదు. చేసినవారు ఎవరో, ఎంతకాలము చేసిరో, ఏ తీరున చేసిరో, మాటలు ఎవరివో అన్నియు ఉన్నవి. మొదటి వాక్యమున నేతగాండ్రకును చోటు లేకపోయినదని మేము అప్పుడే గ్రహించితిమి. అది మొదలుగా మా వద్దకు వచ్చు ప్రతి ఆంగ్ల సంగ్రహమునందును 'ఎవాల్వ్‌డ్' అను మాట కనబడినచో, దాని ప్రక్కన 'ఎవరు?' అని పెన్సిలుతో వ్రాసి తిరిగి ఇచ్చుచున్నాము.